సమానత్వం కూడా చదవాల్సిన చదువే

డిగ్రీ ఫలితాలు వచ్చే వేళకు మన సంఘాల్లో ఇంటింటా ఒకటే ప్రశ్న: తర్వాత ఏమిటి? ఎంబీఏనా, ఎంసీఏనా, బీఈడీనా? నర్సింగ్ చేసిన అమ్మాయి అయితే విదేశమా? ఆరాధన ముగిశాక మందిరం మెట్ల మీద పెద్దలు మాట్లాడుకునేదీ ఇదే. ఆ జాబితాలో ఇంకొక పేరు చేర్చమని ఈ సంపాదకీయంలో అడుగుతున్నాం. అది, పని చేసే చోట సమానత్వం, వైవిధ్యం అనే అంశం మీద పీజీ చదువు.

“అందరూ సమానమే అని చెప్పడానికి రెండేళ్ళు కాలేజీకి వెళ్ళాలా?” అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. సమానత్వాన్ని నమ్మడం ఒక పని. దాన్ని ఒక ఆఫీసులో, ఫ్యాక్టరీలో, ఆసుపత్రిలో అమలు చేయించడం వేరే పని. నమ్మడానికి మంచి మనసు చాలు. అమలు చేయించాలంటే చట్టం తెలియాలి, లెక్కలు తెలియాలి, ఒక ఫిర్యాదు కాగితం ఇచ్చిన రోజు నుంచి తీర్పు వచ్చే రోజు దాకా ఎక్కడెక్కడ ఆగిపోతుందో తెలియాలి. ఇవి పుట్టుకతో రావు, ప్రార్థనా కూడికల్లోనూ నేర్పరు. చదివి నేర్చుకోవాల్సిందే.

ఈ చదువు మనకెందుకు? మన పెద్దలు ఈ రాష్ట్రాలకు వచ్చిందే పని కోసం. కోలార్ బంగారు గనులకు కొందరు, సోలాపూర్, భివండి మగ్గాల దగ్గరకు కొందరు, బొంబాయి కట్టడాలకు కొందరు, చెన్నై, బెంగళూరు వీధులు శుభ్రం చేయడానికి కొందరు వచ్చారు. కోలార్ సంగతే చూడండి. 1880 ప్రాంతం నుంచి జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఆంగ్లేయ కంపెనీ నడిపిన ఆ గనుల్లో పై ఉద్యోగాలు యూరోపియన్లవి, పర్యవేక్షణ ఎక్కువగా ఆంగ్లో ఇండియన్లది. భూమి అడుగుకు దిగి రాయి కొట్టిన వాళ్ళలో అత్యధికులు దళిత కూలీలు, తమిళులూ తెలుగువాళ్ళూ. నివాసాలదీ అదే వరుస: ఒక వైపు బంగళాలు, ఇంకో వైపు కూలి లైన్లు. ఎవరికి ఏ పని, ఎవరికి ఏ ఇల్లు అన్నది చాలావరకు పుట్టుకతోనే తేలిపోయేది.

గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. ఆ వరుస మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. బెంగళూరులో తెల్లవారక ముందే చీపురు పట్టే పౌరకార్మికుల్లో అత్యధికులు దళిత స్త్రీలు. వాళ్ళలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. 2022 జులైలో వాళ్ళు పని ఆపి రోడ్డెక్కి, తమను పర్మనెంట్ చేయమని అడగాల్సి వచ్చింది. నగరం రోజూ చేయించుకునే పనిని ఏళ్ళ తరబడి తాత్కాలికంగా నడిపించడం ఎవరికి లాభం, ఎవరికి నష్టం అని లెక్క కట్టి చెప్పడం కూడా ఈ చదువులో భాగమే.

“అది చదువులేని వాళ్ళ కష్టం. చదువుకుంటే కులం, మతం ఎవరూ అడగరు” అని మన యవ్వనస్థుల్లో చాలామంది నమ్ముతారు. నిజంగానే అడగరా అని ఇద్దరు పరిశోధకులు పరీక్షించారు. సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ అనేవారు 66 వారాల పాటు పత్రికల్లో వచ్చిన 548 ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపించారు. అర్హతలు సమానం, మార్పు పేరులోనే. కొన్ని అగ్రకుల హిందూ పేర్లు, కొన్ని దళిత పేర్లు, కొన్ని ముస్లిం పేర్లు. 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో అచ్చయిన ఫలితం ఇది: అగ్రకుల పేరుకు పిలుపు వచ్చే అవకాశం 100 అనుకుంటే, అదే అర్హత ఉన్న దళిత పేరుకు 67, ముస్లిం పేరుకు 33. ఇంటర్వ్యూ గదిలో కూర్చోక ముందే, ముఖం చూడక ముందే ఇంత తేడా తేలిపోయింది. ఆ పరీక్షలో క్రైస్తవ పేర్లు పెట్టలేదు. మన పిల్లల బయోడేటా మీద డేవిడ్ అనో, మరియమ్మ అనో ఉంటే ఏమవుతుందన్నది పీజీ విద్యార్థి ఎవరైనా థీసిస్‌గా తీసుకోదగిన ప్రశ్న.

అదే సంవత్సరం సురిందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ పెద్ద కంపెనీల హెచ్ఆర్ మేనేజర్లతో మాట్లాడి ఇంకొక పరిశోధన ప్రచురించారు. మేము ప్రతిభ తప్ప ఏదీ చూడం అని ఆ మేనేజర్లు గట్టిగానే చెప్పారు. అయితే అభ్యర్థులను అడిగే ప్రశ్నల్లో “కుటుంబ నేపథ్యం ఏమిటి?” అన్నది మాత్రం తప్పనిసరి. నాన్న ఏం చేస్తారు, అన్నదమ్ములు ఏం చదివారు, ఏ ఊరు? ఆ మేనేజర్లకు ఇందులో తప్పేమీ కనిపించలేదు. గని కూలీ కొడుకు, పౌరకార్మికురాలి కూతురు ఆ ఒక్క ప్రశ్న దగ్గరే వెనకబడిపోతారు. అక్కడ ఎవరూ ఎవరినీ తిట్టలేదు, కులం పేరు ఎత్తలేదు. అందుకే దాన్ని పట్టుకోవడానికి కోపం సరిపోదు, నేర్చిన కన్ను కావాలి.

ఆ కన్ను ఎలా వస్తుందో ఒక ఉదాహరణ చెబుతాం. ఈ చదువులో మొదట్లోనే ఎదురయ్యే మాట పరోక్ష వివక్ష. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని డ్యూక్ పవర్ అనే విద్యుత్ కంపెనీ, కూలి విభాగం దాటి పైకి రావాలంటే హైస్కూలు పట్టా ఉండాలని, పరీక్షలు పాస్ కావాలని నియమం పెట్టింది. నియమం అందరికీ ఒకటే. కానీ నల్లవారికి సరైన బడులే దొరకని చోట ఆ పట్టా ఎవరి దగ్గర ఉంటుంది? పైగా ఆ పనికి ఆ పట్టా అవసరమని కంపెనీ చూపించలేకపోయింది. ఉద్దేశం ఏదైనా ఫలితం వివక్షే, ఇది చెల్లదు అని 1971లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సరిగ్గా 50 ఏళ్ళకు, 2021 మార్చిలో, సైన్యంలోని మహిళా అధికారుల శాశ్వత కమిషన్ కేసులో మన సుప్రీంకోర్టు కూడా పరోక్ష వివక్ష అనే సూత్రాన్ని వాడింది. మగ అధికారులకు చిన్న వయసులో పెట్టే శారీరక ప్రమాణాన్ని, ఆ అవకాశం ఏళ్ళ ఆలస్యంగా దక్కిన స్త్రీలకు అలాగే పెట్టడం న్యాయం కాదంది. “రూలు అందరికీ ఒకటే కదా” అని ఎవరైనా నోరు మూయించబోతే, ఈ సూత్రం తెలిసిన మనిషి “ఆ రూలు వల్ల బయట మిగిలింది ఎవరు?” అని అడగగలడు.

మన చట్టాల్లో ఇప్పటికే ఉన్నవి తక్కువేమీ కాదు. లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం ప్రకారం పది మంది, అంతకు మించి పని చేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. దాని అధ్యక్షురాలు స్త్రీయే కావాలి, సభ్యుల్లో సగం మందైనా స్త్రీలు ఉండాలి, బయటి స్వచ్ఛంద సంస్థ నుంచి ఒక సభ్యులు ఉండాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రతి సంస్థనూ సమాన అవకాశాల విధానం రాసి ప్రకటించమంది. 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైంది, 50 మంది, అంతకు మించి పని చేసే చోట పిల్లల సంరక్షణ గది తప్పనిసరైంది. సమాన పనికి సమాన వేతనం అన్న 1976 చట్టం స్థానంలో వేతనాల కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. వీటిలో ప్రతిదాన్నీ ఎవరో ఒకరు కూర్చుని నడిపించాలి. కమిటీ కాగితం మీదే ఉండిపోతే దాని వల్ల ఏ అమ్మాయికీ మేలు జరగదు.

ఇక లేనిది కూడా చెప్పుకోవాలి. రాజ్యాంగం 16వ అధికరణ ప్రభుత్వ ఉద్యోగాల్లో మతం, కులం, పుట్టిన చోటు పేరిట వివక్షను నిషేధించింది. ప్రైవేటు యజమాని ఇంటర్వ్యూలో కులాన్ని బట్టి, మతాన్ని బట్టి పక్కన పెడితే నేరుగా నిలదీయడానికి మన దేశంలో సమగ్రమైన చట్టం లేదు. సమాన అవకాశాల కమిషన్ కావాలని సచార్ కమిటీ 2006లో చెప్పింది, మాధవ మీనన్ నాయకత్వంలోని నిపుణుల బృందం 2008లో దానికి రూపం ఇచ్చింది. శశి థరూర్ లోక్‌సభలో వివక్ష నిరోధక బిల్లును ప్రైవేటు సభ్యుడి హోదాలో ప్రవేశపెట్టారు. ఏదీ చట్టం కాలేదు. దళిత క్రైస్తవుల పరిస్థితి ఇంకా ఇరుకు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు చేసిన సవరణల తర్వాత కూడా మనల్ని బయటే ఉంచింది. మతం మారిన వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ కోరలేడని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025లో తీర్పు చెప్పింది. బాప్తిస్మం తీసుకున్నాక మనిషి పేరు మారవచ్చు గానీ, అతని కులాన్ని ఎదుటివాడు మరిచిపోడు. తిట్టేవాడికి కులం గుర్తుంటుంది, చట్టానికి మాత్రం అది కనబడదు.

చట్టం గట్టిగా ఉంటే ఏమవుతుందో క్రైస్తవులుగా మనం తప్పక తెలుసుకోవాల్సిన ఒక చోటు ఉంది. ఉత్తర ఐర్లండ్‌లో వివక్ష చూపిందీ క్రైస్తవులే, పడిందీ క్రైస్తవులే. నౌకల తయారీ, ఇంజనీరింగ్ వంటి మంచి జీతాల పనులు ఎక్కువగా ప్రొటెస్టెంట్లవి. కాథలిక్ మగవారిలో నిరుద్యోగం ప్రొటెస్టెంట్ల కంటే రెండు రెట్లకు పైగా ఉండేది. 1976లో మత వివక్షను నిషేధిస్తూ చట్టం వచ్చింది. నిషేధించారు, పెద్దగా మారలేదు. ఎందుకంటే ఎవరూ లెక్క పెట్టలేదు. 1989 చట్టం లెక్క పెట్టమంది. పది మందికి మించి ఉద్యోగులున్న ప్రతి సంస్థ తన దగ్గర ఏ వర్గం వారు ఎందరున్నారో ఏటా ప్రభుత్వ సంస్థకు తెలపాలి, మూడేళ్ళకోసారి తన నియామక పద్ధతులను తానే పరీక్షించుకోవాలి. చెప్పడానికి ఇష్టపడని ఉద్యోగి ఏ బడిలో చదివాడో చూసి వర్గాన్ని నిర్ధారించే పద్ధతి కూడా పెట్టారు. 1990లో ఆ లెక్కలోకి వచ్చిన ఉద్యోగుల్లో కాథలిక్కులు సుమారు 35 శాతం. 2020 నాటికి సగానికి దగ్గరయ్యారు. జనాభాలో వచ్చిన మార్పుకూ, శాంతి ఒప్పందానికీ ఇందులో వాటా ఉంది. అయినా తలుపులు తెరిపించడంలో ఆ లెక్కల పాత్రను కాదనలేం. మంచితనం గురించి రెండు వైపులా ప్రసంగాలు ఎన్నో జరిగిన దేశం అది. ప్రసంగాలతో తేలనిది పట్టికలతో తేలింది.

ఇక్కడ ఒక సందేహం రావడం సహజం. అమెరికాలో ఈ రంగానికే గడ్డు కాలం వచ్చింది కదా? నిజమే. 2025 జనవరిలో అధ్యక్షుడు ట్రంప్ ప్రభుత్వ శాఖల్లో వైవిధ్య కార్యక్రమాలను ఆపేయమన్నారు. ప్రభుత్వ కాంట్రాక్టర్లకు సమాన అవకాశాల బాధ్యత పెట్టిన 1965 నాటి జాన్సన్ ఉత్తర్వును రద్దు చేశారు. కొన్ని పెద్ద కంపెనీలు ఆ విభాగాలను కుదించాయి. బెంగళూరు, పుణె, చెన్నై ఆఫీసుల మీద దాని నీడ పడకుండా ఉండదు. అందుకే మేము “డైవర్సిటీ మేనేజర్ అవండి” అని చెప్పడం లేదు. కంపెనీ మోజు మీద ఆధారపడిన ఉద్యోగం మోజుతోనే పోతుంది. చట్టం మీద నిలబడిన పని అలా పోదు. మన దేశంలో అంతర్గత కమిటీలు, వికలాంగుల హక్కుల అమలు, వేతనాల కోడ్, కార్మిక న్యాయస్థానాలు అమెరికా ఉత్తర్వుల మీద ఆధారపడి లేవు. చదువుకు పునాది చట్టం, కార్మిక సంబంధాలు, గణాంకాలు అయితే ఆ మనిషి హెచ్ఆర్‌లో, యూనియన్‌లో, స్వచ్ఛంద సంస్థలో, న్యాయవాద వృత్తిలో ఎక్కడైనా పనికి వస్తాడు.

మన దేశంలో సరిగ్గా ఈ పేరుతోనే ఉన్న పీజీలు అరుదు. హెచ్ఆర్, కార్మిక అధ్యయనం, సోషల్ వర్క్, న్యాయశాస్త్రం, జెండర్ స్టడీస్ అనే పేర్ల కింద వెతకాలి. ముంబైలో 1936లో మొదలైన టాటా సామాజిక శాస్త్రాల సంస్థ వీటిలో పాతది. దాని తొలి డైరెక్టర్ క్లిఫర్డ్ మాన్షార్ట్ అమెరికన్ మిషనరీ. ఆయన పని మొదలుపెట్టిన నాగ్‌పాడా, తెలుగు కూలీల పేరు మోసే కామాఠిపురా పక్కనే ఉంది. జంషెడ్‌పూర్‌లో 1949లో జెస్యూట్ ఫాదర్లు స్థాపించిన ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ, 1952లో మొదలైన మద్రాస్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ మన పరిధిలోనివే. ఉద్యోగం మానలేని వారికి బెంగళూరు నేషనల్ లా స్కూల్ మానవ హక్కుల చట్టంలో దూరవిద్య డిప్లొమా, ఇగ్నోలో జెండర్ సంబంధమైన ఎంఏలు ఉన్నాయి. విదేశాల్లో చదవగలిగిన వారు డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీలో 1990 నుంచి నడుస్తున్న సమానత్వ అధ్యయనాన్ని చూడవచ్చు.

ఏ కోర్సులో చేరినా ముందు సిలబస్ తెప్పించుకుని మూడు విషయాలు చూడండి. లింగభేదం, వైకల్యంతో పాటు కులం, మతం కూడా పాఠాల్లో ఉన్నాయా? చట్టమూ, లెక్కలూ నేర్పుతారా, లేక మంచి మాటలతో సరిపెడతారా? ఫ్యాక్టరీకి, యూనియన్ ఆఫీసుకు, లేబర్ కోర్టుకు విద్యార్థులను పంపిస్తారా? మూడిటికీ లేదు అనే జవాబు వస్తే పెద్ద పేరు చూసి అప్పు చేయకండి.

డబ్బు మాట దాటవేయలేం. ఎస్సీలకు ఉన్న కేంద్ర విదేశీ విద్యా స్కాలర్‌షిప్ 1950 ఉత్తర్వు కారణంగా దళిత క్రైస్తవ విద్యార్థికి దక్కదు. మైనారిటీ పరిశోధకులకు ఉన్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్, విదేశీ చదువుల అప్పు మీద వడ్డీ రాయితీ ఇచ్చిన పఢో పరదేశ్, రెండూ 2022లో ఆగిపోయాయి. ఆంధ్ర, తెలంగాణ వెలుపల స్థిరపడిన మనకు ఇంకో చిక్కు. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగంతో తొమ్మిదేళ్ళకే బొంబాయి చేరిన ఒక కుర్రాడికి ఆంధ్రలోని గిరిజన ధ్రువపత్రం మహారాష్ట్ర మెడికల్ సీటుకు పనికిరాదని సుప్రీంకోర్టు 1990లో తేల్చింది. నేటికీ ఆ సూత్రమే నడుస్తోంది. కాబట్టి దరఖాస్తుకు ముందే మీరున్న రాష్ట్రంలో మీ వర్గం వెనుకబడిన తరగతుల జాబితాలో ఉందా, ఏ గ్రూపులో ఉందో ఆఫీసుకు వెళ్ళి కనుక్కోండి. ప్రవేశ పరీక్ష రాశాక కాదు, రాయక ముందే.

చివరిగా మన సంస్థల గురించి. బడులు, ఆసుపత్రులు, హాస్టళ్ళు, దయాసిస్ ఆఫీసులు కూడా పని చోట్లే. అక్కడ పని చేసే ఆయాలు, నర్సులు, వాచ్‌మన్లు, టీచర్లు కూడా ఉద్యోగులే. సేవ అనే మాట వారి జీతాన్ని తగ్గించడానికి సాకు కాకూడదు. కాథలిక్ బిషప్పుల సమాఖ్య 2016లో ప్రకటించిన దళిత సాధికారత విధానంలో, సభలో అంటరానితనం ఉందని ఒప్పుకుంది. ఆ నిజాయితీ ఇతర సంఘాలకూ దారి చూపాలి. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి ఒక చోటు, మాసిన బట్టలవాడికి ఇంకో చోటు చూపించడాన్ని, కోత కోసిన వారి కూలి బిగబట్టడాన్ని యాకోబు పత్రిక ఎంత గట్టిగా మందలించిందో మనం చదువుకున్నవాళ్ళమే. ఆ పత్రిక మందిరం లోపలి కుర్చీల గురించే కాదు, పొలం కూలి గురించి కూడా మాట్లాడింది.

అందుకని సంఘ పెద్దలకు మా మనవి మూడే. పది మంది పని చేసే ప్రతి క్రైస్తవ సంస్థలో అంతర్గత కమిటీ ఉందో లేదో ఈ నెలలోనే చూడండి. లేకపోతే వేయండి, ఉంటే సభ్యుల పేర్లు గోడ మీద అందరికీ కనబడేలా పెట్టండి. ఉద్యోగం ఖాళీ అయినప్పుడు తెలిసినవారి చెవిలో చెప్పకుండా నోటీసు బోర్డు మీద ప్రకటించండి. పెద్ద సంఘాలు ఏటా ఒక్క విద్యార్థికైనా ఈ రంగంలో పీజీ ఫీజు కట్టండి. చదివి వచ్చాక ఆ అమ్మాయినో అబ్బాయినో మన సంస్థల లెక్కలు చూడనివ్వండి, చూసి చెప్పింది వినండి.

యవ్వనస్థులకు ఒక్క మాట. మీ అమ్మానాన్నలు పని చేసిన చోట ఎవరు పైకి వెళ్ళారు, ఎవరు ముప్పై ఏళ్ళయినా ఉన్నచోటే ఆగిపోయారు అని ఒకసారి వాళ్ళనే అడిగి రాసుకోండి. వీలైతే పేర్లు వదిలేసి పని, జీతం, ఏళ్ళు ఒక పట్టికగా వేయండి. ఈ చదువులో మొదటి పాఠం అదే. రెండో పాఠానికి కాలేజీ కావాలి, దరఖాస్తుల తేదీలు దాటక ముందే వాటిని తెలుసుకోండి.